మిస్‌లీడింగ్: వాడుక

గ్రిమ్స్‌బీలో, చేపల రేవుకి రెండు వీధుల ఇవతల,
లైబ్రరీ మేడ మీద మంగళవారం క్లాసు.
హీటరు ఒక్కటే.
దాని పక్క కుర్చీ ముందొచ్చినవాళ్ళది.

ఎనిడ్ థాక్రే బోర్డు మీద రాసింది:
మిస్‌లీడింగ్.
"విశేషణం. నామవాచకానికి ముందు నిలబడుతుంది,
లేదా 'ఈజ్' తర్వాత కూర్చుంటుంది.
మనుషులకి అంటించకండి, వాళ్ళు చూపించినవాటికి వాడండి:
అంకెకి, బొమ్మకి,
ఒక్కోసారి చెప్పకుండా వదిలేసినదానికి."

రస్మా చెయ్యెత్తలేదు.
సంచీలోంచి నాలుగు మడతల కాగితం తీసి
బల్ల మీద అరచేత్తో సాపు చేసింది.
గోటి సందుల్లో ఇంకా పొలుసులు.
"వారానికి ఐదు వందల పౌన్ల వరకు."
చేతికొచ్చేది మూడు వందల పది.

"ఇది ఫాల్స్ కదా?"
"ఫాల్స్ అని రాశావో, వాళ్ళే గెలుస్తారు.
ప్రతి మాటా నిజమే.
ఏ క్రిస్మస్ వారంలోనో ఎవరో ఒకరు
రాత్రీ పగలూ కత్తి పట్టుకు నిలబడి
ఆ ఐదు వందలూ తెచ్చుకునే ఉంటారు.
'వరకు' చూడు.
గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లా పడుంది,
అందరూ దాటుకునే వెళ్తారు."

ఫిర్యాదులో రస్మా 'కావాలనే' అని చేర్చింది.
"ఆ మాటకి సాక్ష్యం కావాలి," అంది ఎనిడ్,
"వాళ్ళ మనసులోకి వెళ్ళొచ్చావా?"
రబ్బరు రుద్దినచోట కాగితం కాస్త చిరిగింది.

వెనక బెంచీలో నేను
నా భాషలోకి తెచ్చుకుని చూశాను: తప్పుదోవ పట్టించే.
మాకు దోవ ఉండాలి, నడిచేవాడు ఉండాలి,
మలుపు దగ్గర చెయ్యి పట్టి తిప్పేవాడూ ఉండాలి.
ఇంగ్లీషులో ఎవరూ లేరు.
కాగితం ఒక్కటే, గోడ మీద, అమాయకంగా.

పై మంగళవారానికి సొంత వాక్యాలు మూడు.
రస్మా లేచి చదివింది.
చేపల ప్యాకెట్టు మీది ఫోటో మిస్‌లీడింగ్.
ఆదివారం బస్సుల పట్టిక మిస్‌లీడింగ్.
మూడోది చదవలేదు, చెప్పడం మొదలెట్టింది.

చెల్లెలు వెల్టాకి రాసిన ఉత్తరాలట.
'కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది.'
కనిపిస్తుంది. ఫ్రీజరు గది కిటికీ,
పది నిమిషాల విరామంలో, మునివేళ్ళ మీద నిలబడితే.
'ఇక్కడ అందరికీ నా పేరు తెలుసు.'
తెలుసు. కోటు మీద కుట్టి ఉంది.

"మై లెటర్స్ ఆర్..." అని ఆగి,
"వీటికి 'కావాలనే' వెయ్యొచ్చా?
ఈ మనసులోకి నేను వెళ్ళొచ్చాను," అంది.

ఎవరో నవ్వబోయి మానేశారు.
ఎనిడ్ సుద్దముక్క ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.
"ముందు ఉత్తరం రాయి. వ్యాకరణం తర్వాత చూద్దాం."

"ఆలస్యమైంది," అంది రస్మా.
"వెల్టా టికెట్టు కొనేసింది,
రావడానికే."