రెండో సంచి

నేను నీళ్లలోకి దిగను.
ముందే చెబుతున్నాను, తర్వాత మీరు అడిగి నవ్వకుండా.
తులుమ్ నుంచి దక్షిణంగా పోయే దారిలో
టైర్ల కొట్టు వెనక నా రేకుల షెడ్డు.
ఒకప్పుడు బడిపిల్లల చొక్కాలు కుట్టిన మిషను మీదే
ఇప్పుడు గుహల్లోకి ఈదేవాళ్ల పట్టీలు కుడతాను,
వాళ్ల వీపుల మీద ఉబ్బే సంచులకు మాట్లు వేస్తాను.

వచ్చినవాళ్లందరిదీ ఒకటే వాదన.
చెరో చంకలో ఒక సిలిండరు, వీపున ఒక సంచి.
ఆ సంచి చిరిగితే?

డ్రైసూటే రెండో సంచి, అంటాడు పొడుగాటి ఫిన్లాండు మనిషి.
అది తొడుక్కుని ఏప్రిల్లో ఇక్కడ మెట్లు దిగేలోపే
సగం మనిషి చెమటై కారిపోతాడు.
నారింజ రంగు బెలూను జేబులో ఉంటే చాలదా, అంటుంది ఇంకొకామె.
చాలుతుంది,
పైన ఆకాశం ఉన్నచోట.
బరువులు వదిలేస్తానంటాడు ఒక కుర్రాడు.
వదిలెయ్ నాయనా,
సున్నపురాతి కప్పుకు బల్లిలా అతుక్కుని ఉందువుగాని.
ఉక్కు సిలిండర్లు మాని అల్యూమినియంవి పట్టుకోండి,
ఖాళీ అయ్యేకొద్దీ అవే తేలతాయి, అంటాడు మా విల్బర్త్.

విల్బర్త్ పోట్ మా అక్క కొడుకు.
నేల కింద నదికి తాడు కట్టి కొలవడం వాడి పని.
ఊరందరికీ అల్యూమినియం చెప్పి
తను మాత్రం అరువు తెచ్చిన ఉక్కువే తగిలించుకుంటాడు.

అందుకే కుట్టాను రెండో సంచి,
మొదటిదాని వెనకే, నాలుగు మడతలు పెట్టి.
దాని గొట్టం కుడి సిలిండరుకి, దీనిది ఎడమకి.
రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దల మాట.
ఆ పెద్దలెవరూ నేల కింద మునిగినవాళ్లు కారు.
"ఎందుకు పిన్నీ, దండగ బరువు" అన్నాడు.
ఎందుకైనా మంచిది, అన్నాను.
ఆ మాటకు బదులు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

మూడేళ్లు.
మొదటిదాన్ని ప్రతి సాయంత్రం మంచినీళ్లతో కడిగేవాడు.
వాడనిదాన్ని ఎవరు కడుగుతారు?

ఆ మంగళవారం సంగతి నాకు ముక్కలుగానే తెలుసు.
ఇరుకు సందు. రాతి అంచు. చర్రుమని ఒక చప్పుడు.
తన గాలి తనను వదిలి
కప్పు మీద పాదరసంలా పాకిపోవడం.
కింద మెత్తటి మడ్డి,
వేలు తగిలితే చాలు, లోకం పాలలో పడ్డట్టే.
తడుముకుని ఎడమ బొత్తాం నొక్కాడు.
సంచి తెరుచుకోలేదు.
ఉప్పు పట్టి, మడతకు మడత అంటుకుని
అలిగిన పిల్లలా పెదవి బిగించింది.

అక్కడ నీళ్లు రెండు పొరలట.
పైన మంచినీళ్లు, కింద ఉప్పునీళ్లు,
మధ్య నూనె రాసిన అద్దంలా ఒక వణుకు.
మునుగుతూనే ఆ వణుకు దాటాడు.
ఉప్పునీళ్లు వాణ్ని ఒక్క పిడికెడు ఎత్తి పట్టుకున్నాయి,
సంతలో తూకం అయ్యాక కొసరు వేసినట్టు.
ఆ కొసరులో ఇంకోసారి నొక్కాడు.
సగం తెరుచుకుంది.
సగంతోనే వచ్చాడు.

నీ సంచే కాపాడిందని మామిడిపళ్లు తెచ్చాడు.
నాకు మింగుడు పడలేదు.
తెరుచుకోని సగం ఎవరిదో
ఇద్దరం అనుకోలేదు.

ఇప్పుడు శనివారాలు వాడొస్తాడు.
బట్టలుతికే తొట్టిలో రెండోదాన్ని ముంచి
నేనే నోటితో ఊదుతాను,
ఈత రానిదాని ఊపిరి.
మూల కుట్టు దగ్గర ఆవగింజంత బుడగ
పుట్టి, కాసేపు ఆలోచించి, పైకి పోయింది.
వాడు ఫోను చూసుకుంటున్నాడు.
నేను దాని మీద వేలు పెట్టి
"సోమవారం దిగకు" అన్నాను.
"ఎందుకు?"
జిగురు డబ్బా మూత బిగుసుకుపోయింది.
పళ్లతో తీశాను.