అరవై వాట్లు

తలుపు తెరుచుకోగానే మొదటి మాట నాదే కావాలి:
"ఉచితమేనండీ, ఒక్క పైసా... ఒక్క సెంటు ఇవ్వక్కర్లేదు."
భుజాన నిచ్చెన, చంకలో అట్టపెట్టె,
పెట్టె నిండా జంతికల్లా మెలిక తిరిగిన తెల్లగొట్టాలు.
బెండిగోలో ఆ చలికాలమంతా
వీధి వెంట వీధి
పాత బల్బులు దించాను.

నొక్కాలి, రవ్వంత తిప్పాలి, అప్పుడు వదుల్తుంది.
గుడ్డ మర్చిపోయిన రోజు వేళ్ళకి బొబ్బలు.
దించినదాన్ని చెవి దగ్గర ఊపి చూసేదాన్ని, ఎందుకో.
తీగ తెగినదైతే సన్నగా గలగలమంటుంది.
బతికున్నది ఏమీ అనదు.
బతికున్నదాన్నీ బకెట్లో పగలగొట్టాలి,
మళ్ళీ ఎవరూ వాడకుండా.
అది కంపెనీ రూలు.

నొరీన్ గారు గుమ్మంలోనే ఆపేశారు.
"మా అమ్మ చదువుకున్న దీపం అది.
దాని కింద అందరి ముఖాలూ బాగుండేవి.
నీ దాంట్లో పాదరసం ఉందటగా, పగిలితే?"
బట్టీపట్టింది అప్పజెప్పాను:
కిటికీలు తెరవండి, పావుగంట గది వదిలి వెళ్ళండి,
చీపురు పెట్టకండి.
"బల్బా తల్లీ, పామా?" అన్నారావిడ.

ఎదురింటి లోర్నా ఆ మాట విని
నిమ్మచెట్టుకి స్నానం నీళ్ళు పోస్తున్నదల్లా
బకెట్టుతోనే వచ్చేసింది.
"చెరువు అడుగున మట్టి పెంకులు లేస్తోంది నొరీన్!
నాకన్నీ మార్చేయమ్మా, ఫ్రిజ్‌లోది కూడా."
ఫ్రిజ్‌లోది మార్చకూడదని చెప్పడానికి
నాకు పది నిమిషాలు పట్టింది.

కంచెకి అటొకరూ ఇటొకరూ.
నా లాంప్‌షేడ్‌లో సర్కారుకేం పని, అని ఒకరు.
నీ లాంప్‌షేడ్ పొగ నా మనవడి ఊపిరిలోకి, అని ఒకరు.
నిచ్చెన మీద నన్ను చూసి
ఇద్దరూ ఒకేసారి: "నువ్వు చెప్పు!"
నాకు గంటకి పద్దెనిమిది డాలర్లు.
తీర్పుకి వేరే రేటు లేదు.

చివరి ఇల్లు కీత్ ఒస్ట్రొవ్‌స్కీది.
ముప్పై ఒక్క ఏళ్ళు పవర్‌హౌస్‌లో తడి బొగ్గు కాల్చిన మనిషి.
కాదంటాడనుకున్నాను.
నిచ్చెన తనే పట్టుకుని
ఇల్లంతా మార్పించుకున్నాడు, బాత్‌రూమ్‌తో సహా.
"ఎంత కాల్చామో నాకు తెలుసు" అన్నాడు, అంతే.
తర్వాత షెడ్డులోకి రమ్మన్నాడు.

అట్టపెట్టెలో రంపపుపొట్టు,
పైన వేలాడుతూ అరవై వాట్ల బల్బు,
దాని కింద పధ్నాలుగు కోడిపిల్లలు
ఒకదాని మీద ఒకటి పడి నిద్ర.
"వందలో అయిదే వెలుగు, మిగతా వేడంతా దండగ
అని కదా నీ కాగితంలో?
వీటికి చదివి వినిపించు."

ఫారంలో గది పేరు రాయాలి, వాట్లు రాయాలి.
పిల్లలు ఇంకో మూడువారాలు చలికి ఆగవని
రాయడానికి గడి లేదు.
"లైటు కాదు" అని రాసి సంతకం చేయించుకున్నాను.

వెళ్ళబోతూ ఎందుకు చెప్పానో:
మా భాషలో దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు.
"ఏ కొండ?" అన్నాడు.
ఇన్నేళ్ళుగా అంటున్నాను, ఎప్పుడూ అడగలేదు నన్ను నేను.
అతని పెరటి వెనక
ఎప్పుడో బంగారం తీసేసుకుని
వదిలేసిన రాళ్ళగుట్టలు. ఏమీ మొలవలేదు వాటి మీద.
ఇద్దరం కాసేపు అటే చూశాం.

వ్యాన్‌లో మలుపు తిరిగినప్పుడల్లా బకెట్లో గాజు కదులుతోంది.
నూట పన్నెండు ఆ రోజు లెక్క.

నా అద్దెగదిలో ఉన్నవి రెండూ పాతవే.
ఇంటి ఓనరు సంతకం లేనిదే మార్చడానికి వీల్లేదు.
మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.
టేబుల్ లాంపు మెడ వంచి
దాని పక్కన చేతులు కాచుకుంటూ
రేపటి ఫారాలు సర్దుకున్నాను.
నాలుగోసారి
ఆ రాత్రి చేయలేదు.