పుల్ల చెప్పిన మాట

సిజ్జీవి ఊళ్ళో చదునైన చోటు ఒక్కటే, చర్చి ముందరి రాతిపరుపు.
మిగతాదంతా ఏటవాలే:
వీధులు, పెరళ్ళు, మావాళ్ళు చెప్పే లెక్కలు.
అందుకే తెల్లారగట్ల, తొలి గంట కొట్టకముందే
బెడ్‌ఫర్డ్ లారీని అక్కడికి తెస్తాను.
ఫాదర్ జ్లోర్ముకి తెలుసు.
రాతిమీద నల్లచుక్క పడనంతకాలం
తెలియనట్టే నిద్రపోతాడు.

ఇంజను ఆపాక ఆగాలి.
పైకెక్కిన నూనె కిందికి రావద్దూ?
వాల్వుల మీంచి, రాడ్ల మీంచి
అలకపాన్పు దిగే అల్లుడిలా వస్తుంది.
చలికాలమైతే ఇంకో రెండు బతిమాలింపులు.
ఈలోగా బేకరీ షట్టరు లేస్తుంది,
తెరేజా వేడి రొట్టె ఒకటి నా మీదికి విసురుతుంది,
నా చేతులు చూసి
డబ్బులు మాత్రం రేపు ఇమ్మంటుంది.

మొదటిసారి లాగిన పుల్ల మాట
వినొద్దనేవాడు మావయ్య నార్దు.
"దారంతా ఎగిరిపడ్డ నూనె పూసుకుని ఉంటుంది,
అది తాగినవాడి సాక్ష్యం.
తుడువు. మళ్ళీ ముంచు. అప్పుడు అడుగు."
రెండు వైపులా చూడమనేవాడు,
ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటే
తక్కువదే నమ్మమనేవాడు.
వేళ్ళమధ్య రుద్ది వాసన చూడమనేవాడు.
తగ్గిన నూనెకు కాదు, పెరిగిన నూనెకు భయపడాలట;
ఎవరూ పోయకుండా పెరిగిందంటే
పెట్రోలు దొంగదారిన దిగుతోందని.

ఇన్ని చెప్పినవాడు
పుల్లను మాత్రం అనుమానించలేదు.

పంతొమ్మిదేళ్ళు ఆ గంటుదాకానే పోశాడు.
నా అంత కొలిచి పోసేవాడు ఈ దీవిలో లేడని
బారులో బల్ల గుద్దేవాడు.
బండి నా చేతికొచ్చిన మొదటి వేసవి,
క్వారీలోంచి పచ్చరాయి ఎత్తుకుని గట్టెక్కుతుంటే
ప్రెషరు ముల్లు సున్నావైపు వాలిపోయింది.
లోపలెవరో చిన్న సుత్తితో
తలుపు తట్టారు.

మొత్తం దింపేశాను.
లీటరు పాలసీసాతో లెక్కపెట్టి పోశాను,
పుస్తకంలో ఎంతుంటే అంత,
గరిటెడు కూడా కొసరు వేయకుండా.
ఒక నిమిషం ఇంజను తిప్పి
ఫిల్టరు తాగేది తాగనిచ్చి
ఆగి, తుడిచి, ముంచి తీస్తే
పాత గంటు దాటి
బొటనవేలి మందం పైకి నిలబడింది నూనె.

పుల్ల ఈ ఇంజనుది కాదు!
ఎప్పుడో ఎవడో పాత ఇనుములో దొరికిన పొడుగుదాన్ని దూర్చాడు.
పొడుగు పుల్ల లోతుకు దిగుతుంది,
అడుగున కాస్త ఉన్నా
కడుపు నిండినట్టు చూపిస్తుంది.

ఆకురాయితో కొత్త గంటు పెట్టాను.
పాతదాన్ని చెరపలేదు. ఎందుకో.

ఇవాళ మావయ్య రాతిపరుపు మీదికొచ్చాడు,
చెప్పుల్లో, కోటు గుండీలు ఒకటి తప్పి.
చూపు సరిగా ఆనడం లేదు.
పుల్ల లాగి, గోటితో తడుముకుంటూ వచ్చి
ఒక గంటు దగ్గర ఆగాడు.
ఇంకాస్త పైకి జరిగి, మళ్ళీ ఆగాడు.
"పైది నాది కాదు," అన్నాడు.

చెప్పాను. సీసాల లెక్క కూడా చెప్పాను.
చాలాసేపు పుల్లనే పట్టుకున్నాడు,
నూనె జారి మణికట్టు దాకా వచ్చింది.
"మరి పంతొమ్మిదేళ్ళు ఎలా నడిచిందే, చెన్సా?"

"నువ్వు మెల్లగా తోలేవాడివి, మావయ్యా."

చొక్కా అంచుతో పుల్ల తుడిచాడు.
మళ్ళీ ముంచాడు, అడుగంటా.
తీసి, రెండు వైపులా తిప్పి,
నా వైపు తిరిగి
మళ్ళీ అడిగాడు, అదే ప్రశ్న.

మళ్ళీ అదే చెప్పాను.

పైన గంటతాడు కిర్రుమంది.
లారీ తీయాలి.