నలభయ్యో ఛానల్

మారీ ఊరు ఇంకా యాభై రెండు కిలోమీటర్లు.
పొద్దు దిగిన పది నిమిషాలకి
పాత లాండ్‌క్రూజర్ రెండు కళ్ళూ ఒక్కసారే మూసింది.
మిణుకైనా లేదు, చెప్పాపెట్టకుండా.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు.
చక్కబెట్టాల్సింది దీపాన్నే అయితే
ఏ వెలుగులోనో ఎవరూ చెప్పలేదు.

కంగారూలు దారి దాటే వేళ.
కంగారు మాత్రం నాది.
ఇంజను ఆపాక ఎర్రమట్టి చల్లబడుతున్న చప్పుడు,
బానెట్ కింద ఇనుము టకటక విరుచుకునే ఒళ్ళు.
ఫోనులో ఒక్క గీతా లేదు.

రేడియో నొక్కాను. నలభయ్యో ఛానల్లో ఎవరైనా ఉన్నారా?
గరగర.
మళ్ళీ గరగర.
ఆ తర్వాత మాటల చివర్లు మింగేసే ఆడగొంతు:
"ఉన్నా. పొయ్యి మీద కూర ఉంది, తొందరగా చెప్పు."

ఆమె బెరిల్. పన్నెండు కిలోమీటర్ల అవతల పశువుల స్టేషన్.
నేను భ్రమరాంబ అన్నాను.
రేడియో దాన్ని నమిలి, బ్రామ్ అని ఉమ్మింది.

ఒకటా, రెండూనా?
రెండూ.
హారన్?
నొక్కాను. చీకట్లో ఏదో పక్షి తిట్టుకుంటూ లేచింది.
"అయితే బ్యాటరీని అనుమానించకు.
దొంగతనం జరిగిందని ముందు ఇంటి పెద్దని పట్టుకుంటామా?"

ఫ్యూజు పీకి తలకి కట్టిన టార్చి ముందు పట్టాను.
లోపల వెంట్రుకంత తీగ, తెగలేదు.
హారన్ రిలే తీసి దీపాల రిలే చోట పెట్టమంది.
టిక్.
చీకటి.
మళ్ళీ టిక్.
"నోరుంది, మాటే రావట్లేదు," అంది.
బల్బు తీస్తుంటే గాజు ముట్టుకోకని అరిచింది.
చొక్కా అంచుతో పట్టుకుని చూశాను, ఫిలమెంటు చెక్కుచెదరలేదు.

అన్నీ బాగానే ఉన్నాయి. వెలుగే లేదు.

ఆమె మీట నొక్కినప్పుడల్లా వెనక గరిటె చప్పుడు.
"కరెంటు వెళ్తోందమ్మాయ్, తిరిగి రావట్లేదు.
ఎర్తు చూడు."

బ్యాటరీ వెనక, చక్రం గూటి పక్కన,
రెండు దీపాలకీ కలిపి ఒకే ఒక్క బోల్టు.
వేలు పెడితే పిండిలా రాలింది,
తెల్లగా, అక్కడక్కడ పచ్చగా.
నాలుకకి అంటించాను. అలవాటు.
ఉప్పు.

నా ఉద్యోగమే అది. బోరు బోరుకీ తిరిగి
లీటరు నీళ్ళలో ఎంత ఉప్పో రాయడం.
పోయిన నెల బండి బురదకొట్టుకుపోయిందని
ఆ నీళ్ళే పట్టి, బానెట్ ఎత్తి మరీ,
శుభ్రంగా ఇంజను కడిగిందీ నేనే.
అంకె నోటుబుక్కులో ఉంది.
పక్కన నా సంతకం కూడా.

బెరిల్‌కి చెప్పాను.
ఆ నవ్వు రేడియోలో పట్టలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

పదో నంబరు స్పానరు. బోల్టు మొండికేసింది.
గోళ్ళు అరగదీసుకునే రేకుతో గీకాను
ఇనుము మెరిసేదాకా,
వేలి కణుపు చీరుకుపోయేదాకా.
బిగించాను.
స్విచ్ తిప్పబోతూ, ఎందుకో,
"ఇప్పుడు," అని ఆమెకి చెప్పాను.

దారి లేచి కూర్చుంది.
ముప్పై అడుగుల్లో ఒక కంగారూ,
ఎప్పట్నుంచి నన్ను చూస్తూ నిలబడిందో,
నోట్లో గడ్డిపరక అలాగే.

"వరండాలోకి వచ్చా," అంది బెరిల్.
"నేల అంచున కొత్తగా ఒక చుక్క. నువ్వేనా?
ఒకసారి ఆర్పి వెలిగించు."

ఆర్పాను.
ఆ కాస్త చీకటికీ భయం వెయ్యలేదు,
అది నా చేతిలోది.
వెలిగించాను.

"నువ్వే, బ్రామ్," అంది.
కాసేపు గరగర.
"కూర మాడింది."