నలభై సెంటీమీటర్లు

మిర్చి యార్డులో మార్చి నెల.
తుమ్ము రాకముందే చెయ్యి ముక్కు మీదికి పోయే నెల.
మెక్సికో నుంచి ఎవరో
రెండు కిలోల తేజ శాంపిల్ అడిగారట.
కాగితంలో రెండు గళ్ళు నింపమన్నాడు షావుకారు:
దూరం ఎంత, గాల్లో ఎన్ని గంటలు.

కాటా గుమాస్తాని నేను.
క్వింటాళ్ళు తెలుసు, తరుగు తెలుసు,
కాయ విరిచి తేమ చెప్పగలను.
గాలినెప్పుడూ తూచలేదు.

మా రిజ్వానా గ్లోబు తెచ్చాను,
ఆస్ట్రేలియా దగ్గర సొట్ట.
దాని మీద గుంటూరు లేదు. గన్నవరమూ లేదు.
బెజవాడ ఉండాల్సిన చోట వేలు పెడితే
వేలి కింద ఆంధ్రా మొత్తం మాయం.
గోతాలు కుట్టే పురికొస
ఒక కొస నా వేలి కింద,
రెండో కొస అవతలి బుగ్గ మీద
సామ్రాజ్యం బొటనవేలి కింద.

సామ్రాజ్యం తొడిమలు తీసే మనిషి.
కాయకీ తొడిమకీ మధ్య దూరం తప్ప
వేరే దూరానికి కూలి తీసుకోని మనిషి.
"సముద్రం మీదుగా అడ్డంగా పెట్టు" అంది.
పెట్టాను.
బిగించి లాగితే జారింది పురికొస.
తూర్పు వద్దంది, పడమర వద్దంది,
హిమాలయాలు దాటి, రష్యా ఎక్కి,
గ్లోబు నెత్తిన తుప్పు మేకుకి తగిలి ఆగింది.
"ఇదేందయ్యో, మంచుగడ్డ మీదుగానా?"
అవును.
ఇంత మంట
అంత మంచు మీంచే పోవాలి,
నేరుగా పోవాలంటే.

స్కేలు పెట్టాను. నలభై సెంటీమీటర్లు.
సెంటీమీటరుకి నాలుగు వందల కిలోమీటర్లు.
పదహారు వేలు.
గంటకి తొమ్మిది వందలు పోతుందనుకుంటే
పద్దెనిమిది గంటలు, కాస్త తరుగుతో.

కానీ అట్లా పోయే విమానం లేదు.
గన్నవరంలో ఎక్కాలి, ఢిల్లీలో దిగాలి,
ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరిదో సామాను పక్కన
పడిగాపులు పడాలి.
అన్నీ కలిపి ముప్పై ఆరు.
అందులో ఇక్కణ్ణించి గన్నవరం లెక్క లేదు.
వారధి మీద లారీ అడ్డం తిరిగితే
ఆ యాభై చిల్లర కిలోమీటర్లకి
ఏ స్కేలూ చాలదు.

"అక్కడిప్పుడు ఎంతయింది?"
మనకి మధ్యాహ్నం పన్నెండు,
వాళ్ళకి రాత్రి పన్నెండున్నర.
ముల్లు అరగంట జరిపి
పగటిని రాత్రి అనుకుంటే సరి.

అప్పుడు చెప్పాను,
మిరప మనది కాదు, ఆ దేశాల వైపు నుంచే వచ్చిందని.
తిట్టినట్టు చూసింది.
"గోంగూరన్నా మనదేనా?" అంది కాసేపాగి.
నాకు తెలీదన్నాను.

ఓడలో వచ్చిందట, ఎవరి మూటలోనో విత్తనమై,
రేవు నుంచి రేవుకి, పెరటి నుంచి పెరటికి.
ఎవరూ ఏ గడిలోనూ గంటలు రాయలేదు.
నాలుగు వందల ఏళ్ళ పైమాటే,
మంటకి మాత్రం తరుగు లేదు.

సామ్రాజ్యం మాట్లాడకుండా
శాంపిల్ సంచీ మూతి విప్పింది.
అన్నీ తొడిమ తీసిన కాయలే, బేరం అదే.
ఒళ్ళో కుప్పలోంచి ఒక కాయ ఏరి
తొడిమతోనే లోపల వేసింది.
"పుట్టింటికి పోయేదాన్ని
బోసితలతో పంపుతామేందయ్యా?"

షావుకారు చూడలేదు.
నేను చూశాను.
దానికి కాగితంలో గడి లేదు.

కొలిచిన పురికొసతోనే సంచీ మూతి కట్టాను.
రెండు చుట్లు తిరిగి, ముడికి సరిపోయి,
వేలెడు మిగిలింది.
పళ్ళతో కొరికాను, నోరు మండింది.

రాత్రి ఇంటికెళితే రిజ్వానా అడిగింది,
ఉత్తర ధ్రువం మీద ఈ ఎరుపేంటని.
తడిగుడ్డతో తుడిచాను.
ఇంకా పాకింది.