పక్కు కాయలు

షెడ్డులో నా పని ఏరడం.
బెల్టు మీద వెన్నపండ్లు దొర్లుకుంటూ వస్తాయి,
ఉరువాపాన్ కొండల మంచు ఇంకా ఆరని కాయలు.
తొక్క నిగనిగలాడితే పోనిస్తాను.
పక్కు కట్టినా, గీత పడినా,
గాలికి కొమ్మ రాసుకుని మచ్చ తేలినా
ఎడమచేత్తో తీసి నీలం డబ్బాలో పడేస్తాను.
"కొనేవాడు కోసి చూడడు లియోబా,
తోలు చూస్తాడు" అంటాడు మేస్త్రీ ఫెర్మీన్.
పదకొండేళ్లుగా అదే మాట,
ఇప్పుడే కనిపెట్టినట్టు.

మా చెల్లెలు నసారియాకి
పద్నాలుగో ఏట మోచేతుల మీద మొదలైంది.
ముందు ఎరుపు, తర్వాత తెలుపు,
ఆ తర్వాత రొయ్యపొట్టులా రాలడం.
పొద్దున్నే దుప్పటి దులిపితే
గుమ్మం ముందు పిండి చల్లినట్టుండేది.
అమ్మ గబగబా ఊడ్చేసేది, పొరుగువాళ్లు లేవకముందే.
పండగ రాత్రుల్లో ఊరంతా చేతులు పట్టుకుని ఆడుతుంటే
అది వేడి మొక్కజొన్న గంజి గిన్నె పట్టుకుని నిలబడేది.
గిన్నె ఉంటే
చెయ్యి ఇవ్వమని ఎవరూ అడగరు కదా.

డాక్టరు రాసిన ట్యూబు నా మూడు రోజుల కూలి.
చివరికి దాన్ని కత్తెరతో చీల్చి
లోపలి గోడలు కూడా వేలితో తుడిచాం.
అప్పుడంది అవ్వ తోమాసా:
"ఆ నీలం డబ్బావి తే."

తెచ్చాను, ఏప్రన్ నిండా.
పాత పేపర్లో చుట్టి గాదెలో దాచింది.
నాలుగో రోజుకి బొటనవేలు దిగబడేంత మెత్తన.
కోసింది.
పక్కు తొక్క వరకే. లోపల
కవ్వానికి అంటుకున్న వెన్న, అంచున లేత గడ్డి రంగు.
పిసికి, మట్టి పెంకు మీద పరిచి ఎండలో పెడితే
మూడు ఎండలకి నల్లబడి,
చూడ్డానికి ఎందుకూ పనికిరానిదైంది.
పాత పావడా గుడ్డలో మూటకట్టి
ఇద్దరం చెరో కొస పట్టుకుని మెలిపెడితే
ఒక చుక్క.
చాలాసేపటికి ఇంకో చుక్క.
పాచి పట్టిన బావి నీళ్ల రంగు, తడి నేల వాసన.

ఆ రాత్రి నుంచి నేనే రాసేదాన్ని.
మొదటిరోజు చేతులు వెనక్కి లాక్కుంది.
"నీకంటుకుంటుంది."
అంటుకోదని డాక్టరు చెప్పాడు. నేనూ చెప్పాను.
చెప్పడం వేరు.
అరచెయ్యి మోచేతి మీద ఆనించి
నూనె వెచ్చబడేదాకా ఉంచడం వేరు.

చెక్క గోడకి అటువైపు
దాని గోళ్ల చప్పుడు వింటూ నిద్రపోవడం నాకలవాటు,
గాదెలో ఎలుకలా రాత్రంతా.
పన్నెండో రోజో, పదమూడో రోజో
ఉలిక్కిపడి లేచాను.
చప్పుడు లేదు.
పరిగెత్తి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.
ఊపిరి. కాస్త గురక కలిసిన ఊపిరి.

మానిందా అని అడుగుతారు.
మానలేదు. చలికాలం వస్తే మళ్లీ లేస్తుంది,
మందు ఆపొద్దని డాక్టరు కోప్పడతాడు, నిజమే.
కానీ బిగుసుకున్న తోలు చిట్లడం తగ్గింది.
మోచెయ్యి మడిస్తే రక్తం రాదు.
రొట్టెల పిండి తనే పిసుకుతోంది.

క్లోరిన్ నీళ్లకి నెర్రెలిచ్చిన నా అరచేతులు
ఎప్పుడు పూడుకున్నాయో నేను చూసుకోనేలేదు.
ఫెర్మీన్ చూశాడు.
"ఏం రాస్తున్నావు?" అని అడిగి, అటూ ఇటూ చూసి,
వాళ్లావిడ మడమలు పగిలాయని గొణిగి,
నీలం డబ్బాలోంచి
రెండు పక్కు కాయలు టోపీలో వేసుకుని పోయాడు.

నిన్న రాత్రి నూనె రాస్తుంటే నసారియా అడిగింది:
"అక్కా, మీ బెల్టు మీద నేను దొర్లుకుంటూ వస్తే?"
"ఎడమచేత్తో తీసేదాన్నే" అన్నాను.
అది నవ్వలేదు. ఎదురుచూసింది.
"తీసి?"
రెండో మోచెయ్యి ఇటివ్వమన్నాను.