దేనిలో రెండు శాతం

పడమటి వాలు మీద సుద్దతో పదడుగుల చదరం గీశాను.
అందులో వడగళ్ళ దెబ్బలు పదకొండు.
ఒక్కోదాని చుట్టూ ఒక సున్నా చుట్టాను.
ఊళ్ళో వాళ్ళ ఇంటికప్పుల మీద సున్నాలు పెట్టే ఉద్యోగం నాది.
కింద నిలబడ్డవాళ్ళకి మాత్రం అవి
ఏదో అంకె పక్కన చేరబోయే సున్నాల్లా కనిపిస్తాయి.

నిచ్చెన పట్టుకుని కింద ఆర్డిత్ కుచెరా.
డెబ్బై తొమ్మిదేళ్ళు. వద్దన్నా వదల్లేదు.
"మొన్నటి గాలికి మా కోళ్ళ షెడ్డు రేకు
లూప్ నది దాటి వెళ్ళింది.
నువ్వెంత" అంది.

వంటగదిలో ఫ్రీజరు తెరిచి
బఠానీల సంచీ కిందనుంచి తీసింది సాక్ష్యం:
జూన్ ఇరవై రాత్రి పడిన వడగల్లు.
కోడిగుడ్డుకన్నా కాస్త చిన్నది, ఒళ్ళంతా బుడిపెలు.
కోస్తే ఉల్లిపాయలా పొరలుంటాయన్నాను. కోయనివ్వలేదు.
కొలిచాను. అంగుళం ముప్పాతిక.
నష్టం రాశాను: తొమ్మిది వేల నాలుగు వందల డాలర్లు.
ఆమె కాగితం మూలన పెన్సిల్‌తో
నూట ఎనభై ఎనిమిది అని వేసుకుంది.
"నా వాటా ఇంతేగా. రెండు శాతం."

సరిగ్గా ఈ చోటికి వచ్చేసరికి
నేనెప్పుడూ మంచినీళ్ళు అడుగుతాను.

పాలసీ మూడో పేజీ తిప్పాను.
నిప్పంటుకుంటే డిడక్టిబుల్ వెయ్యి డాలర్లు.
దొంగ పడితే వెయ్యి.
గాలికీ వడగళ్ళకీ మాత్రం రెండు శాతం,
జరిగిన నష్టంలో కాదు,
ఇంటికి రాసిన బీమా మొత్తంలో.
మూడు లక్షల పదివేలు. అందులో రెండు శాతం
ఆరు వేల రెండు వందలు.

"మూడు లక్షల పదివేలా? ఈ కొంపా?
ఎమిల్ సంతకం పెట్టిననాడు లక్షా డెబ్బై!"
అవునండీ. ఏటేటా వాళ్ళే పెంచుతారు,
కర్రకీ మేకుకీ కూలికీ ధర పెరిగిందని.
ఒక్క ఇటుక చేర్చకుండానే ఇల్లు పెరిగింది,
దాంతో మీ వాటా కూడా,
ఆకుల చాటున గుమ్మడికాయలా.

కప్పు వయసు పద్నాలుగేళ్ళు. ఆ అరుగుదల కింద
ఇరవై ఆరు వందలు కొట్టేశాను.
మిగిలినదాంట్లో ఆమె వాటా తీసేస్తే
చెక్కు మీద ఆరు వందలు.

కొందరు ఏడుస్తారు. కొందరు తలుపు చూపిస్తారు.
పోయిన వేసవిలో ఒకాయన నా నిచ్చెనని ట్రాక్టరుతో తొక్కించాడు.
ఆర్డిత్ కళ్ళజోడు తీసి ఏప్రన్ అంచుతో తుడుచుకుని
కిటికీలోంచి చాలాసేపు చేను వంక చూసింది,
ఆకులు చీలికలై పీచులా వేలాడుతున్న మొక్కజొన్న చేను.

"ముప్పై నాలుగేళ్ళు ఆరో తరగతికి లెక్కలు చెప్పాను" అంది.
"ఎవడు శాతం అన్నా
ముందు 'దేనిలో' అని అడగండిరా అని
బల్ల గుద్ది చెప్పేదాన్ని.
లామార్ వానెక్ అని ఒక కుర్రాడు, ఎంతకీ బుర్రకెక్కలేదు,
రెండో ఏడు కూడా అదే బెంచీలో కూర్చోబెట్టాను."
ఆగింది.
"ఈ పాలసీ అమ్మింది వాడే.
ఇప్పుడైనా అర్థమై అమ్మాడో, ఇంకా అర్థం కాకే అమ్మాడో."

తర్వాత ఎర్రపెన్ను తెచ్చి నా కాగితాలు దిద్దింది.
ఉత్తరపు చూరు కింద రేకు కాలువ ఒకటి వదిలేశాను, నిజమే.
నిరుడు వేసిన కాలువ, అరుగుదల లేదు. రెండు వందల పది.
చెక్కు ఎనిమిది వందల పది అయింది.
పక్కన టిక్కు పెట్టింది.

బయట మళ్ళీ మబ్బు పడుతోంది, పచ్చగా, నాచు పట్టినట్టు.
రెండు గ్లాసుల్లో చల్లటి టీ పోసింది.
"సాక్ష్యంతో ఇంక పనేముంది" అని
వడగల్లుని నా గ్లాసులో జారవిడిచింది.

అది చిటపటమంది, పగల్లేదు.
తాగాను. దుమ్ము రుచి, కాస్త బఠానీ రుచి.

ఆ రాత్రి మోటెల్లో
నా సొంత ఇంటి పాలసీ ఎక్కడ పెట్టానో
ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.